ముక్కున్న బండి

“దారిలో గుమ్మడి కక్కీస్తాదేమోనే పైడీ!” అంది వరహాలమ్మ.

బండి ఇంకా వీధి మొగలోకైనా రాలేదు. గుమ్మడి అనే ఆ ఎర్రకుక్క అరుగు మీద నిక్షేపంగా పడుకుని, చెవి మీద వాలిన ఈగను తోలుకుంటోంది. నిన్న మధ్యాహ్నం నుంచి దాని కడుపులో పిడికెడు అటుకులు తప్ప మరేమీ పడలేదు. అయినా వరహాలమ్మకు జరగబోయేదంతా అప్పుడే కళ్లకు కట్టేసింది. ఘాటీ మలుపులో కుక్క వాంతి చేసుకుంటుంది, బండి ఆగిపోతుంది, తలుపులు తెరుచుకుంటాయి, తామంతా కొండ దారిలో నిలబడిపోతారు.

“కక్కడానికి దాని కడుపులో ఏటుంది వదినా? నువ్వు పెట్టిన పస్తుకి అది పేగులు కక్కాల,” అంది ఆడపడుచు పైడితల్లి.

“అంత మాటనకే తల్లీ! పేగులు కక్కితే అంకె ఎంత తగ్గిస్తారో!”

పైడితల్లి నవ్వబోయి, వదిన మొహం చూసి ఆపుకుంది. వరహాలమ్మ హాస్యానికి అనలేదు.

బొబ్బిలిలో ఇప్పుడు ఎవరి గుమ్మం ముందూ సొంత బండి లేదు. వరసగా మూడేళ్లు మూడు రకాల జ్వరాలు ఊళ్లను ఊడ్చిపెట్టిన తర్వాత, ఒకరు కూర్చున్న చోట ఇంకొకరు కూర్చోవడానికి జనం జడిసిపోయారు. ఆ జడుపులోంచే శుచిబండి పుట్టింది. పిలిస్తే వస్తుంది, తనంతట తానే నడుస్తుంది, మనం దిగగానే తనను తాను కడుక్కుంటుంది. లోపల కప్పు మధ్యలో నిమ్మకాయంత వాసనమాపి ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని అందరూ ముక్కు అనే అంటారు. వెంట్రుక రాలినా, చొంగ పడినా, ఎవరి మూటలోనైనా ఎండుచేప ఉన్నా ముక్కు పసిగడుతుంది. వెంటనే సీట్ల కింది నుంచి గాలికడుగుడు మొదలవుతుంది. అర నిమిషంలో లోపల మనిషి వాసన గానీ జంతువు వాసన గానీ మిగలదు. అద్దాలు తెరుచుకోవు. తెరిస్తే దుమ్ము రాదూ మరి!

ప్రతి ఇంటికీ ఒక శుచి అంకె ఉంటుంది. అది నలభైకి దిగువన పడితే, ఆ ఇంటి జంతువులను ఏడాదిపాటు ఏ బండీ ఎక్కించుకోదు. వరహాలమ్మ ఇంటి అంకె ఈ పొద్దున నలభై మూడు.

ఆ మూడింటి మీదే ఆమె ప్రాణం ఉంది. కొండ మీద పలుకుతోట అనే వైద్యశాలలో ఆమె కొడుకు తవిటినాయుడు నాలుగు నెలలుగా ఉన్నాడు. మేడ మీద ఎండపలకలు బిగిస్తూ జారిపడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి, నడుస్తున్నాడు, ముద్ద నోట్లో పెడితే నములుతున్నాడు. కానీ మాట లేదు. చూపు ఎవరి మీదా ఆగదు. “వినపడుతోంది, కనపడుతోంది. లోపల ఎక్కడో తలుపు మూసుకుపోయింది,” అంది డాక్టరమ్మ. “ఇంట్లో అతనికి బాగా ఇష్టమైనవి ఏవో తెచ్చి చూపించండి.”

ఇష్టమైనవి రెండే. గుమ్మడి, సున్నుండ. వీధిలో దొరికిన ఈ రెండు కుక్కపిల్లలను తెచ్చి, పాలు పట్టి, పేర్లు పెట్టి పెంచింది వాడే. నాలుగుసార్లు వాటిని తీసుకెళ్లి చూపించారు. నాలుగుసార్లూ వాడు బల్లనో కుర్చీనో చూసినట్టు చూశాడు. కిందటి వారం డాక్టరమ్మ వరహాలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “వచ్చే గురువారం దాకా చూస్తామమ్మా. ఆ తర్వాత దీర్ఘవాస కేంద్రానికి పంపించేస్తారు. అది చాలా దూరం. తెరలో చూడటమే తప్ప మనుషులను లోపలికి రానివ్వరు.”

ఇవాళ బుధవారం.

రెండు కాన్పులు పోయాక పుట్టిన బిడ్డ వాడు. ఎవరి కన్నూ పడకూడదని చేటెడు తవుడిచ్చి కొన్నట్టు చేసి ఆ పేరు పెట్టుకుంది. వాడు పాకితే మెట్లున్నాయని, నడిస్తే గొయ్యి ఉందని, పరిగెడితే లారీ వస్తుందని ఇరవై నాలుగేళ్లు జడుస్తూనే పెంచింది. మేడ సంగతి ఒక్కటే ఆమెకు తోచలేదు. అప్పటి నుంచి ఏ సంగతీ తోచకుండా పోకూడదని పట్టుదల పట్టింది.

అందుకే ఆమె బండి సర్దడం చూస్తే యుద్ధానికి వెళ్తున్నట్టు ఉంటుంది. వెనక సీటు తలదిండ్ల నుంచి ముందు సీటు తలదిండ్లకు పాత నేతచీర ఒకటి ఉయ్యాలలా బిగించి కడుతుంది. వెంట్రుక రాలితే చీరలోనే ఉండాలి, కాళ్ల సందులోకి జారకూడదు. ఆ ఉయ్యాల మీద ఆరు పొరల బొంత. ప్రతి పొరా ఒక పాత చీర, పొరకీ పొరకీ మధ్య ఒక మైనగుడ్డ. పై పొర పాడైతే నాలుగు మూలలూ కలిపి మూటలా పైకెత్తి, మూతబిగువున్న పాలక్యానులో పడేయడమే. కింద శుభ్రమైన పొర సిద్ధంగా ఉంటుంది. నీళ్లకు అత్తగారి నాటి మరచెంబు, కుదుపుకి చుక్క తొణకదు. రాలిన వెంట్రుకలకు తడిపిన రబ్బరు తొడుగు, ఒక్కసారి నిమిరితే అన్నీ ఉండలా చుట్టుకుని వచ్చేస్తాయి. ఇక పోపులపెట్టె. దాని గిన్నెల్లో ఆవాలూ జీలకర్రా ఉండేవి ఒకప్పుడు. ఇప్పుడు అల్లం ముక్కలు, అటుకులు, దూది, వంటసోడా, మెడపట్టీ కొక్కేలు, ముందు కాళ్లకు పచ్చగుడ్డ, వెనక కాళ్లకు నీలంగుడ్డ. దేని చోటు దానిదే, కళ్లు మూసుకుని కూడా తీయగలదు.

బొంత పొరలు పేర్చే పని మాత్రం పైడితల్లిది. తెల్లారగట్ల వదిన కుక్కలకు నిర్గంధపు పొడి పూసి రెండో విడత నీళ్లు పోస్తుండగా, పెరట్లో కూర్చుని ఆమె పొరలు పేర్చి మూలల్లో టాకాలు వేసింది.

“పెళ్లికూతురికి కూడా ఇన్ని నీళ్లు పొయ్యరు,” అంది అప్పుడు.

“పెళ్లికూతురు బండిలో ఒళ్లు దులుపుకోదు కదే!” అంది వరహాలమ్మ.

బండి వచ్చి ఆగింది. తలుపు పక్కకు జరిగింది. “నమస్కారం. ఇద్దరు మనుషులు, రెండు జంతువులు. మీ శుచి అంకె నలభై మూడు. ప్రయాణం శుభ్రంగా సాగాలని కోరుకుంటున్నాం,” అంది లోపలి గొంతు.

“మాదీ అదే కోరిక నాయనా,” అంది పైడితల్లి ఎక్కుతూ.

ఉయ్యాల కట్టి, బొంత పరిచి, కుక్కల ఎనిమిది కాళ్లూ తుడిచాకనే వరహాలమ్మ తన కాళ్లు తుడుచుకుని ఎక్కింది.

*

సాలూరు వరకు దారి తిన్నగానే ఉంది. ఆషాఢపు మబ్బు పట్టి, బయట చెట్లు ఊగుతున్నాయి. లోపల గాలి లేదు, ఉక్క లేదు, వాసన అసలే లేదు. సున్నుండ రెండుసార్లు చుట్టూ తిరిగి పైడితల్లి తొడకు ఆనుకుని పడుకుంది. గుమ్మడి మాత్రం కూర్చోలేదు. అద్దానికి మూతి ఆనించి, మళ్లీ తీసి, వరహాలమ్మ కొంగు వాసన చూసి, మళ్లీ అద్దం దగ్గరికి పోయింది.

“కూకోరా నాయనా. కూకుంటే తల తిరగదు,” అని బతిమాలింది ఆమె.

సున్నుండ లేచి ఒళ్లు విదిల్చింది. నాలుగు వెంట్రుకలు గాల్లోకి లేచాయో లేదో ముక్కు సన్నగా గురగురమంది. గాలికడుగుడు మొదలైంది. చీరకుచ్చిళ్లు రెపరెపలాడాయి, వరహాలమ్మ కొప్పు ఊడింది. అర నిమిషానికి అంతా అణిగాక చూస్తే గుమ్మడి నాలుకతో మూతి తడుపుకుంటోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

“అదిగో మొదలయ్యింది!” అని వరహాలమ్మ పోపులపెట్టె తెరిచి అల్లం ముక్క దాని దవడలోకి తోసింది. రబ్బరు తొడుగు వేసుకుని కనపడని వెంట్రుకలను కూడా నిమిరింది. చొంగ దారగా కారింది. దూదితో ఒత్తింది. ముక్కు మళ్లీ గురగురమంది. మళ్లీ గాలి. మళ్లీ గుమ్మడి మూతి తడుపుకోవడం. ఈసారి దాని డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి.

“పట్టే పైడీ, మూలలు పట్టు!”

కక్కింది. పచ్చటి నురగ, చారెడు. ఇద్దరూ చెరో రెండు మూలలూ ఎత్తి, చుక్క జారకుండా పొరను మూటగట్టి క్యానులో వేసి మూత తిప్పారు. లెక్కపెడితే పది సెకన్లు కూడా పట్టలేదు. అయినా గొంతు పలికింది. “మీ శుచి అంకె నలభై రెండు.”

“ఒక్కటే తగ్గింది,” అంది వరహాలమ్మ, ఊపిరి వదిలి. “ఇంకా ఐదు పొరలున్నాయి. ఘాటీ ఎక్కీడానికి సాలు.”

పైడితల్లి కుక్క వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి మెల్లగా అంది. “వదినా, తవుడి వ్యానులో ఇది ఎప్పుడైనా కక్కిందా?”

వరహాలమ్మ ఆలోచించింది. తవిటినాయుడికి ఒక చేతినడుపుడు వ్యాను ఉండేది, తాత కాలం నాటిది. పిడి తిప్పితే అద్దం దిగేది. రెండేళ్ల కిందట అలాంటి బండ్లన్నిటినీ రోడ్డు మీదికి రాకుండా ఆపేశారు. ఇప్పుడు అది పెరటి రేకుల కింద చక్రాలు లేకుండా ఉంది. అందులో దుమ్ము, ఆయిలు మరక, కుక్కల బొచ్చు, చిరిగిన గోనెపట్టా. ఎక్కిన ప్రతిసారీ చీర మాసిపోయేది. గుమ్మడి నడుం దాకా కిటికీలోంచి బయటకు వేలాడుతూ ఉంటే, చెవులు వెనక్కి ఎగిరిపోతుంటే, వెనక కూర్చుని ఆమె గొంతు చించుకునేది: “అద్దం ఎక్కించరా తవుడూ, దూకీస్తాదిరా!” వాడు నవ్వుతూ సగం ఎక్కించి, ఆమె అటు తిరగగానే దించేసేవాడు.

“నేదు. ఒక్కసారీ కక్కనేదు,” అంది.

“మరి ఇందులో ఎందుకు కక్కుతాది? అంత కుదుపుల బండిలో లేనిది, ఇంత మెత్తటి బండిలో ఎందుకని?”

వరహాలమ్మ గుమ్మడి డొక్కలు తడిమింది. మలుపుల దోషం అనుకుందామంటే, ఘాటీ ఇంకా మొదలే కాలేదు.

సాలూరు దాటాక రెండోసారి కక్కింది. ఇద్దరూ మళ్లీ మూలలు పట్టారు. వరహాలమ్మ పొరను ఎత్తి, కింది మైనగుడ్డను పక్కకు లాగి, అక్కడే ఆగిపోయింది.

కింద చీర లేదు. ముదురు గోధుమ రంగు గోనెపట్టా ఉంది. ఒక మూల చిరిగి, మధ్యలో ఆయిలు మరకతో, పొడుగునా బొచ్చు పట్టుకుపోయి. వ్యానులో కుక్కల కింద వేసే పట్టాయే అది. రెండేళ్లుగా నీళ్లు చూడలేదు.

“పైడీ!”

“తిట్టు వదినా. పడతాను.”

“తిట్టడమేటే! కొంప ముంచీసినావ్ కదే! పొయ్యిలో పెట్టీమని నీకిచ్చి ఎన్నాళ్లయ్యింది?”

“పెట్టలేకపోనాను. అందులో మా మేనల్లుడి వాసనుంది.” పైడితల్లి గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. “ఈ బండికి ఏ వాసనా నేదు వదినా. మనకి కళ్లున్నాయి కాబట్టి సరిపోతంది. కుక్కకి వాసన నేకపోతే గంతలు కట్టి తిప్పినట్టే. ఎక్కడికి పోతందో, ఎవలతో పోతందో దానికి తెల్దు. గాలి కొట్టినప్పుడల్లా మనమిద్దరం కూడా దానికి కనపడకుండా పోతన్నాం. కక్కదా మరి?”

వరహాలమ్మ చెయ్యి చాచేలోపే గుమ్మడి పట్టా మీదికి ఎక్కింది. ముక్కు ఆ ఆయిలు మరక మీద ఆనించి, ఒక్క పొడుగాటి ఊపిరి లాగింది. డొక్కలు నెమ్మదించాయి. నాలుక లోపలికి పోయింది. పొద్దుటి నుంచి కూర్చోని కుక్క నాలుగు కాళ్లూ ముడుచుకుని చటుక్కున పడుకుంది. సున్నుండ కూడా తొడ వదిలి వచ్చి దాని వీపు మీద గడ్డం ఆనించింది.

పైనున్న ముక్కు గురగురలాడటం కాదు, కీచుమంది.

*

ఘాటీ మొదట్లో శుద్ధిమజిలీ ఉంది. బండి తనంతట తానే అందులోకి తిరిగి ఆగింది. పక్క గోడలో ఉక్కు మూత ఒకటి పైకి లేచింది. లోపల మంట కనపడకపోయినా వేడి తెలుస్తోంది.

“తొలగించలేని వాసన గల వస్తువు ఒకటి ఉంది,” అంది గొంతు, అదే మర్యాదతో. “దయచేసి దాన్ని ఈ గూటిలో వేయండి. వేస్తే మీ అంకె నలభై ఒకటి అవుతుంది. వేయకపోతే ముప్పై ఎనిమిది. మొదలైన ప్రయాణం పూర్తి చేస్తాం. తిరుగు ప్రయాణానికి జంతువులను ఎక్కించుకోం. గడువు మూడు నిమిషాలు.”

వరహాలమ్మ పట్టా అంచు పట్టుకుంది. పట్టుకున్న చేతికి తెలుసు ఏం చేయాలో. నాలుగు వారాలుగా ఆ చెయ్యి చేసిందంతా అదే. తుడవడం, ఉతకడం, పారేయడం. లాగబోయింది. గుమ్మడి కళ్లు తెరవలేదు, పట్టాను పళ్లతో మాత్రం పట్టుకుంది. గుర్రుమనలేదు. ఊరికే పట్టుకుంది.

ఆమెకు పలుకుతోట గది గుర్తొచ్చింది. తెల్లటి గోడలు, తెల్లటి మంచం. గది బయట గాలిగుమ్మం ఉంటుంది. దాని కింద నిలబడితే ఇంకోసారి గాలికడుగుడు. నాలుగు వారాలూ ఆ కుక్కలను ఇంట్లో రెండుసార్లు కడిగి, బండిలో దారి పొడుగునా కడిగి, గుమ్మంలో మళ్లీ కడిగి వాడి ముందుకు తోసింది. “సూడరా తవుడూ, గుమ్మడి వచ్చింది,” అని. వాడు చూశాడు. కళ్లతో మాత్రమే చూశాడు. గుమ్మడి కూడా వాడిని అలాగే చూసింది, ఎవరో పరాయివాణ్ని చూసినట్టు. ఇద్దరూ ఒకరికొకరు గంతలు కట్టుకుని నిలబడ్డారు. ఆ గంతలు కట్టింది ఎవరు?

“రెండు నిమిషాలు,” అంది గొంతు.

“పైడీ, కొండ మీద నుంచి ఇంటికెంత దూరం?”

“యాభై కిలోమీటర్ల పైమాటే.”

“దారిలో ఎలుగులుంటాయి.”

“ఉంటాయేమో.”

“వానొస్తే గెడ్డలు పొంగుతాయి. నాకు మోకాలి నొప్పి. సున్నుండ కాళ్లు పొట్టి, అది నడవలేదు. దాన్ని ఎత్తుకోవాల. మెరుపు పడొచ్చు. పాము కరవొచ్చు. రాళ్లు దొర్లొచ్చు.” ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టింది. జడుపంతా బయటికి చెప్పేసుకున్నాక కొంగు నడుములో దోపింది. “సరే. నువ్వు తిరిగి బండెక్కి పో. నాను వీటితో నడిసొస్తాను.”

“నాకేం కాళ్లు నేవా?”

“జవాబు ఇవ్వండి,” అంది గొంతు.

“పట్టా ఇవ్వను,” అంది వరహాలమ్మ, పైకి చూసి, ఆ నిమ్మకాయంత ముక్కుతో. “ముప్పై ఎనిమిదే ఏసుకో. నువ్వు శుభ్రమైన బండివి నాయనా, కాదన్ను. కానీ నా బిడ్డకి ముక్కుంది, అది నీకు తెల్దు.”

ఉక్కు మూత కిందికి దిగింది. బండి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టింది. దారి పొడుగునా గాలికడుగుడు కొడుతూనే ఉంది, కీచుమంటూనే ఉంది. పట్టాలోని వాసనను మాత్రం అది ఊడ్చలేకపోయింది. ముప్పై రెండు మలుపుల్లో గుమ్మడి ఒక్కసారి కూడా మూతి తడుపుకోలేదు.

*

పలుకుతోట గేటు దగ్గర నర్సు సుభాషిణి చేతిలోని పలక చూసి మొహం చిట్లించింది. “ముప్పై ఎనిమిదా! అమ్మా, ఇవి లోపలికి రావడానికి వీల్లేదు. గాలిగుమ్మం కూడా తెరుచుకోదు.”

“తెలుసమ్మా. లోపలికి తేను. నా బిడ్డనే బయటకి తీసుకురా.”

“వాన పడేలా ఉంది.”

“పడనీ. అదిగో ఆ కట్టెల పాక కింద కూకుంటాం. పది నిమిషాలు. రేపు గురువారం తల్లీ!”

సుభాషిణి ఒక క్షణం ఆమెనూ, బొచ్చు నిండిన ఆమె చీరనూ, రెండు కుక్కలనూ చూసింది. “ఐదు నిమిషాలు,” అని లోపలికి వెళ్లింది. ఆ ఐదు ఎప్పుడు పదైందో ఆమే చూసుకోలేదు.

తవిటినాయుడు నడిచే వచ్చాడు, నర్సు మోచెయ్యి పట్టుకుని. తెల్ల పైజామా, తెల్ల చొక్కా. పాకలో కట్టెల మోపు మీద కూర్చోబెడితే కూర్చున్నాడు. చూపు ఎదురుగా ఉన్న కొండ మీదుగా పోయింది. అంతలో వాన మొదలైంది. పాక చూరు నుంచి ధార కట్టింది. సున్నుండ మెడతాడు జార్చుకుని వానలోకి పరిగెత్తి, ఎర్రమట్టిలో రెండు పొర్లు పొర్లి, వచ్చి అందరి మీదా ఒళ్లు విదిల్చింది.

“అయ్యబాబోయ్!” అని వరహాలమ్మ అలవాటు కొద్దీ పోపులపెట్టె కోసం చెయ్యి చాచింది. పచ్చగుడ్డ తీసింది. తీసి, మళ్లీ ఆ గిన్నెలోనే పెట్టేసి మూత వేసింది.

గుమ్మడి గోనెపట్టాను నోట కరుచుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. వాడి కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. వాడి పాదాలు, మోకాళ్లు, అరచేతులు వాసన చూసింది. మందుల వాసన కింద ఎక్కడో వాడు దొరికినట్టుంది. నోట్లోని పట్టా వదిలేసింది. నాలుగు నెలల్లో మొదటిసారి దాని తోక కదిలింది. మొదట చివర మాత్రమే. ఆ తర్వాత నడుమంతా. ముందు కాళ్లు రెండూ వాడి తెల్ల పైజామా మీద మోపి, మొహంలో మొహం పెట్టింది. తడి కుక్క, మట్టి, ఆయిలు, రెండేళ్ల నాటి గోనె. ఆ వాసనంతా పాక నిండా కమ్ముకుంది. సుభాషిణి ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకుంది.

తవిటినాయుడి ముక్కుపుటాలు కదిలాయి.

వరహాలమ్మ చూసింది. చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. ఇటువంటివి పరకాయించి చూస్తే ఆగిపోతాయేమోనని ఆమె భయం. పైడితల్లి చెయ్యి దొరికితే గట్టిగా పట్టుకుంది.

వాడి చెయ్యి లేచింది. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉండి, గుమ్మడి చెవి వెనక ఆగింది. వేళ్లు అక్కడ గోకాయి. ఎప్పుడూ గోకేది అక్కడే.

ఆ నిశ్శబ్దం వరహాలమ్మ భరించలేకపోయింది. ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగిపోయేలా ఉంది. మాట్లాడాలంటే ఆమెకు వచ్చింది ఒక్కటే, జడుపు.

“తిరుగు బండి లేదురా తవుడూ,” అంది కొండ వంక చూస్తూ. “అంకె పోయింది. వీటిని నడిపించుకునే పోవాల నాను. ఎలుగులంట. సున్నుండ సూడు ఎలగయ్యిందో. ఏదో దారి దొరుకుతాదిలే, నువ్వేం బెంగెట్టుకోకు. మళ్లీ వారం మళ్లీ తెస్తాను. ఈడ్చుకునైనా తెస్తాను. నువ్వు ఎక్కడికి పోతే అక్కడికి తెస్తాను. ఎవలినైనా కాళ్లు పట్టుకుని ఏదో ఒక బండి సంపాదిస్తాను. కానీ మళ్లీ ఆ మూసీసిన బండే దొరికితే...” మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. “దారిలో గుమ్మడి కక్కీస్తాదిరా. ఏటి సెయ్యమంటావు నన్ను?”

చూరు నుంచి వాన కారుతోంది. నర్సు చేతిరుమాలు కిందికి దిగింది. సున్నుండ మట్టికాళ్లతో వాడి ఒడిలోకి ఎక్కి సర్దుకుంది. గుమ్మడి కళ్లు మూసుకుంది. చెవి వెనక వేళ్లు ఆగి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగాయి. కొండ మీద ఎక్కడో ఉరుము దొర్లి, దూరంగా పోయి, అణిగింది. వరహాలమ్మ కొండ మీద నుంచి చూపు తిప్పలేదు.

“అద్దం,” అంది ఒక గొంతు ఆమె పక్కనుంచి, తుప్పు పట్టిన పిడి తిప్పినట్టు. “అద్దం దించీయమ్మా.”